నెగెటివ్ పోయాక వచ్చిన భయం

కిందటి నెల జగదల్‌పూర్‌లో కెమెరా పని నేర్చుకుంటున్న పిల్లలతో కాసేపు మాట్లాడమని నన్ను పిలిచారు. లెన్సుల గురించి, వెలుతురు గురించి అడిగారు, చెప్పాను. చివర్లో ఒకమ్మాయి లేచి, “మీకు ఈ పనిలో ఎప్పుడైనా భయం వేసిందా?” అని అడిగింది. నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

డార్క్‌రూమ్

మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి బైలాడీలా ఇనుప గనుల్లో డంపర్ నడిపేవాడు. కొండ మీద పేలుళ్లు జరిగితే మా క్వార్టర్ల కిటికీలు గలగలలాడేవి. టౌన్‌షిప్‌లో మా లైనంతా ఆంధ్రావాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కూరగాయల దగ్గర హల్బీ, గోండీ ముక్కలు. ఈ నాలుగూ వచ్చు కాబట్టే నాకు ఉద్యోగం దొరికిందని తర్వాత తెలిసింది.

నేను చేరింది జగదల్‌పూర్‌లో పేరున్న పాత ఫోటో కంపెనీలో. టౌన్‌షిప్‌లో, గీదంలో, దోర్నపాల్‌లో బ్రాంచీలుండేవి. పెళ్లిళ్లు, బడి పిల్లల గ్రూపులు, గనిలోకి కొత్త యంత్రం వస్తే దాని ముందు నిలబడ్డ ఆఫీసర్లు, అన్నీ మావాళ్లే తీసేవారు. మగవాళ్లు కెమెరాలు పట్టుకుని బయటికి పోయేవారు. నన్ను గీదం బ్రాంచీలో డార్క్‌రూమ్‌లో పెట్టారు. పదిహేనేళ్లు ఎర్ర బల్బు కింద, డెవలపర్ వాసనలో గడిపాను. ఇప్పటికీ నా వేళ్ల చివర్లు గరుగ్గా ఉంటాయి.

నాకు పని నేర్పినాయన దుబేజీ. నోటి దురుసు మనిషి. ప్రింటు ఒక్క పిసరు నల్లబడ్డా చింపి నా కాళ్ల దగ్గర పడేసేవాడు. ఆయన పద్ధతి మంచిదని ఇప్పటికీ అనను. కానీ ఒక్క విషయంలో ఆయనకి రుణపడ్డాను.

చేరిన ఏడాది, ఒక స్కూలు మాస్టారి పెళ్లి ఫిల్మ్ రోలు వెలుతురు చొరని ట్యాంకులో ఉందనుకుని తెల్లలైటు వేశాను. రోలు బల్ల మీదే ఉంది. పెళ్లంతా నల్లగా మాడిపోయింది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాను. మూడో రోజు దుబేజీ కనిపెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “తప్పు చేసింది నువ్వు. వెళ్లి చెప్పాల్సింది కూడా నువ్వే. నేను చెప్తే అది ఫిర్యాదు అవుతుంది” అన్నాడు.

వెళ్లాను. కొత్త పెళ్లికూతురు ఏడ్చింది. మాస్టారు గడపలోనే నిలబెట్టి మాట్లాడారు. వారం తర్వాత ఇద్దరూ పెళ్లిబట్టలు కట్టుకుని మా స్టూడియోకి వచ్చి కూర్చున్నారు. ఆ ఫోటోలు నేనే కడిగాను. అంత జాగ్రత్తగా నా జన్మలో ఏ రోలూ కడగలేదు.

కొత్త కెమెరాలు వచ్చాక

రోళ్లు ఒక్కసారిగా ఆగిపోలేదు. ముందు టౌన్‌షిప్‌లో ఇంజనీర్లు చేతిలో పట్టేంత డిజిటల్ కెమెరాలు కొనుక్కున్నారు. తర్వాత గీదం చౌరస్తాలో ఒకతను కంప్యూటరూ చిన్న ప్రింటరూ పెట్టి, నిలబడ్డ చోటే ఫోటో తీసి చేతిలో పెట్టడం మొదలెట్టాడు. మా దగ్గర మూడు రోజులు ఆగాలి. ఎవరాగుతారు? కౌంటరు ముందు బెంచీ రోజంతా ఖాళీగా ఉండేది. పొద్దున్నే షట్టర్ ఎత్తుతూ, ఇదే ఆఖరి నెలేమో అనుకునేదాన్ని.

యజమాని పెద్ద సేఠ్ మంచంపట్టాక కంపెనీ ఆయన తమ్ముడి చేతికొచ్చింది. మేము చిన్న సేఠ్ అనేవాళ్లం. అతను రాగానే డార్క్‌రూమ్ మూయించాడు. సిమెంటు తొట్లు పగలగొట్టించాడు. దుబేజీ తన గ్లాసు, చెప్పులు సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. తర్వాత నా వంతు అనుకున్నాను. చిన్న సేఠ్ నన్ను పిలిచి, “కెమెరా పడతావా?” అని అడిగాడు. పట్టడం రాదన్నాను. “నీకు నాలుగు భాషలొచ్చు. కెమెరా నెలలో వస్తుంది” అన్నాడు.

అతని ఆలోచన ఇది: జనం మన దగ్గరికి రారు, మనమే సంతలకి పోదాం. రేషన్ కార్డుకి ఫోటో కావాలి, బ్యాంకు పుస్తకానికి కావాలి, గనుల్లో కూలికి పెట్టుకునే దరఖాస్తుకి కావాలి. లోపలి ఊళ్లవాళ్లకి స్టూడియో మెట్లెక్కాలంటే బెరుకు. జీపులో బ్యాటరీ, ప్రింటరు, ఒక నీలం గుడ్డ, ఒక స్టూలు. ఆడమనిషి తీస్తుందంటే ఆడవాళ్లూ వస్తారు.

ఆ ఆలోచన మంచిది. కంపెనీ దానివల్లే బతికింది. పక్కన ఎన్నో పాత స్టూడియోలు మూతబడ్డాయి, మాది నిలబడింది. ఆ మాట దాచను. కాకపోతే దానితో పాటు ఇంకో ఆర్డరు కూడా వేశాడు: తీసిన ఏ ఫోటోనీ చెరపొద్దు. వారానికోసారి కెమెరాలోని మెమరీ కార్డు జగదల్‌పూర్ పంపాలి. అక్కడ హార్డ్ డిస్క్‌లో పేరు, ఊరు రాసి దాచాలి. మళ్లీ కావాలని వస్తే తీయక్కర్లేకుండా ప్రింటు ఇవ్వొచ్చు.

వ్యాపారానికి తెలివైన పనే. మేముండేది ఎలాంటి చోటో అతనూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

రోడ్డు మీద

ఆ రోజుల్లో దోర్నపాల్ దాటి జగర్‌గుండా వైపు పోవడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. ఒకప్పుడు పెద్ద సంత జరిగిన ఆ ఊరు, రోడ్డు తెగిపోయి ఒంటరిదైపోయింది. మేము దోర్నపాల్ దాకానే పోయేవాళ్లం. అక్కడికి పోయే దారిలో కూడా ఎక్కడైనా జీపు ఆపేవాళ్లు. ఎవరు ఆపేవాళ్లని నన్ను అడగొద్దు. తుపాకీ ఉన్నవాళ్లు ఆపేవాళ్లు. రెండు వైపులా ఉన్నారు. నేను అప్పుడూ పేరు పెట్టలేదు, ఇప్పుడూ పెట్టను.

రోలు కెమెరా కాలంలో మావాళ్లని ఆపితే మహా అయితే వెనక మూత తెరిచి రోలు లాగి ఎండలో పడేసేవాళ్లు. అంతటితో అయిపోయేది. కడగని రోలులో ఎవరికీ ఏమీ కనపడదు. కడిగిన నెగెటివ్‌లో కూడా జుట్టు తెల్లగా, పళ్లు నల్లగా ఉంటాయి, సొంత తల్లి గుర్తుపట్టడం కష్టం. ఆ చీకటి మాకు ఎంత కాపుదలగా ఉండేదో అది పోయాకే తెలిసింది.

మొదటిసారి నా కెమెరా ఒకతను తీసుకున్నప్పుడు మధ్యాహ్నం. జీపు బానెట్ మీద ఆనుకుని, బొటనవేలితో బటన్ నొక్కుతూ ఒక్కో ముఖం చూశాడు. ప్రతి ముఖానికీ టిక్ మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు ఆగితే నా ఊపిరి ఆగేది. మళ్లీ టిక్ అంటే ఊపిరి వచ్చేది. ఆ రోజు ఎక్కడా ఎక్కువసేపు ఆగలేదు. కెమెరా నా చేతిలో పెట్టి పొమ్మన్నాడు.

చిన్న సేఠ్‌కి చెప్పాను. మేము హిందీలో మాట్లాడుకునేవాళ్లం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. “మనం దొంగపని చేస్తున్నామా? లేదు కదా. చూస్తే చూడనీ. దాచడానికి ఏముంది?” అన్నాడు. ఇంకో మాట అంటే ఉద్యోగం పోతుందేమోనని తలూపాను. ఈ విషయంలో నా మొదటి తప్పు అక్కడే జరిగింది.

తొమ్మిది మంది

దోర్నపాల్ సంతకి కుంట అనే ఊరి వైపు నుంచి ముత్తయ్య అనే రైతు వచ్చేవాడు. తెలుగు మాట్లాడే మనిషి. నాలుగు చెక్కల పొలం, మిగతా రోజులు అడవిలో తునికాకు, చింతపండు. మిరపకోతల కాలంలో కూలీలని కూడేసుకుని తెలంగాణ వైపు పోయేవాడు. నేను తెలుగు మాట్లాడతానని తెలిసిన రోజునుంచి, నా గుడ్డ దగ్గర కాసేపు కూర్చుని కబుర్లు చెప్పందే పోయేవాడు కాదు.

ఒక సంతరోజు ఎనిమిది మందిని వెంటేసుకొచ్చాడు. “ఏందక్కా, మమ్మల్ని అందర్నీ ఒక్క ఫోటోల పట్టిస్తవా? రేపో ఎల్లుండో మిరపకోతకు పోతున్నం” అన్నాడు.

తొమ్మిది మందినీ ఒకే ఫోటోలో తీశాను. చివర నిలబడ్డ ఒకతను ముత్తయ్య భుజం మీద చెయ్యి వేశాడు. అతన్ని నేనంతకుముందు చూడలేదు. ఎవరో కూలీ అనుకున్నాను. అతనెవరో ఈరోజుకీ నాకు తెలియదు.

తిరుగు దారిలో జీపు ఆపారు. కెమెరా తీసుకున్నాయన వయసులో పెద్దవాడు, గొంతు మెత్తగా ఉంది. టిక్, టిక్ మని చూస్తూ ఆ గ్రూపు దగ్గర ఆగాడు.

“ముఖాలు చిన్నగా ఉన్నాయి దీదీ. పెద్దగా చూడొచ్చా?”

చూడొచ్చు. ఎలాగో నేనే చూపించాను. ఎవరూ నా చెయ్యి మెలిపెట్టలేదు. నాకు నేనే వేలు పెట్టి, ఈ బటన్ నొక్కితే దగ్గరవుతుంది, ఇది నొక్కితే పక్కకి జరుగుతుంది అని, కెమెరా కొన్నవాళ్లకి చెప్పినట్టు చెప్పాను. అతను చివర నిలబడ్డవాడి ముఖం తెరనిండా తెచ్చుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పక్కకి, ముత్తయ్య ముఖం మీదికి జరిపాడు.

“ఇందులో నీకు తెలిసినవాళ్లున్నారా?”

లేరని చెప్పొచ్చు. సంతలో వందమంది వస్తారు, ఎవరు గుర్తుంటారు అనొచ్చు. ఆ రోజు నుంచి ఆ జవాబు ఎన్ని వేలసార్లు నాలో నేను చెప్పుకున్నానో. అప్పుడు మాత్రం నోట్లోంచి, “ఈయన ముత్తయ్య” అని వచ్చింది. ఊరి పేరు కూడా చెప్పాను. అడగలేదు. నేనే చెప్పాను.

కెమెరా తిరిగిచ్చేశాడు. ధన్యవాదాలు కూడా చెప్పాడు. జీపు కదిలాక డ్రైవరు నా వైపు చూడలేదు.

చెరిపేసిన చెయ్యి

మరుసటి సంతకి ముత్తయ్య రాలేదు. వాళ్లావిడ నాగమ్మ వచ్చింది. చేతిలో ఆ గ్రూపు ఫోటో, నాలుగు మడతలు పడి ఉంది.

“మా ఆయన్ని పొలం కాడికెల్లి పట్టుకపోయిండ్రు అక్కా. ఎవలో ఏందో తెల్వదు. ఐదు దినాలాయె. ఇందులకెల్లి ఆయన ముఖం ఒక్కదాన్నే పెద్దగ చేసియ్యి. ఠాణాల కాడ, దవాఖాన్ల కాడ చూపించి అడుగుత.”

ఇస్తానన్నాను.

గీదంలో కంప్యూటర్ ముందు కూర్చుని ముత్తయ్య ముఖం కత్తిరించాను. భుజం మీద ఆ చెయ్యి కూడా వచ్చింది. ఐదు వేళ్లు, ఒక వేలికి రాగి ఉంగరం. ఈ ఫోటో పట్టుకుని నాగమ్మ ఊరూరా తిరిగితే, ఆ చెయ్యి ఎవరిదని ఎవరో ఒకరు ఆమెనే అడుగుతారు. ఆమె ఏం చెప్పినా ప్రమాదమే. కూర్చుని ఆ చేతిని ఒక్కో వేలూ చెరిపాను, కింద చొక్కా గళ్లు మళ్లీ గీశాను. పూర్తయ్యాక ముత్తయ్య ఒంటరిగా నిలబడి నవ్వుతున్నట్టు ఉన్నాడు.

ఫోటో ఇచ్చేసి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. డ్రైవరు చెప్పేవాడు కాదు. కానీ మాస్టారి గడప ముందు నిలబడ్డ దాన్ని కదా. వారం గడిచి నాగమ్మ వచ్చినప్పుడు నీలం గుడ్డ వెనక్కి తీసుకుపోయి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బటన్ చూపించింది నేనే, పేరు చెప్పింది నేనే, ఊరు చెప్పింది నేనే.

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. అరుస్తుందని, సంతంతా వింటుందని భయపడ్డాను. ఆమె నా ముఖంలోకి చూసింది. “ఈ ముచ్చట ఇంకెవలకన్న చెప్పినవా?” అంది.

“లేదు.”

“చెప్పకు. ఆయన తిరిగొస్తే నేనే చెప్త.” ఫోటో కొంగులో పెట్టుకుంది. లేచి, గుడ్డ ముందున్న స్టూలు మీద కూర్చుంది. “నాది కూడా ఒకటి తియ్యి.”

“నీదెందుకు?”

“నేను అడుగుకుంట తిరుగుతున్న కదా. నన్ను గూడ పట్టుకపోతే నా బిడ్డలు ఏం చూపించి అడగాలె?”

తీశాను. కళ్లు మూసుకోకుండా, రెప్పకూడా ఆర్పకుండా కూర్చుంది.

హార్డ్ డిస్క్

ఆ వారమే జగదల్‌పూర్ వెళ్లి చిన్న సేఠ్ ముందు నిలబడ్డాను. డిస్క్‌లో ఉన్న సంతల ఫోటోలన్నీ చెరిపేయమని అడిగాను.

“నాలుగేళ్ల పని అది. దాని మీదే నడుస్తున్నాం” అన్నాడు.

“అందులో పేర్లున్నాయి, ఊళ్లున్నాయి.”

“పేరు డిస్క్ చెప్పలేదు. నువ్వు చెప్పావు.”

నిజమే. తిరిగొచ్చేశాను.

దాదాపు నెలకి ముత్తయ్య ఇంటికి వచ్చాడని దోర్నపాల్‌లో విన్నాను. ఎవరు తీసుకుపోయారో, ఎవరు వదిలారో అతను ఎవరికీ చెప్పలేదు. ఎడమ చెవి వినిపించడం లేదన్నారు. బతికున్నాడని విని సంతలోనే కూలబడి ఏడ్చాను. కానీ అతని ఎదుటపడే ధైర్యం రాలేదు. ప్రతి సంతలో జనంలో అతని తల కనిపిస్తుందేమోనని వెతుక్కుంటూ, కనపడకూడదని కోరుకుంటూ పని చేసేదాన్ని.

అప్పుడే ఒక పొద్దున చిన్న సేఠ్ ఫోన్ చేశాడు. వెంటనే రమ్మన్నాడు. వెళ్లేసరికి షట్టర్ సగం దించి ఉంది. అతని ముఖం పాలిపోయి ఉంది.

“ఎవరో ఫోన్ చేశారు. సంతల ఫోటోలన్నీ చూడ్డానికి రేపు వస్తారట.”

“ఎవరు?”

“అడగలేదు. అడగడానికి నోరు రాలేదు.”

దాచడానికి ఏముంది అన్న మనిషే ఆయన. ఎత్తిపొడవాలనిపించలేదు. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని, ఊరు తర్వాత ఊరు చెరిపాం. చెరిపింది మళ్లీ తీయగలరని ఎక్కడో విన్నాడు. డిస్క్ ఊడదీసి, వెనక గదిలోకి తీసుకుపోయి సుత్తితో కొట్టాడు. ఒకప్పుడు అది డార్క్‌రూమ్. గోడకి ఫోటోలు కడిగే హైపో మందు మరకలు ఇంకా ఉన్నాయి.

మర్నాడు నన్ను కూడా ఉండమన్నాడు. ఇద్దరు వచ్చారు. కంప్యూటర్ పాడైంది, అంతా పోయింది అని చిన్న సేఠ్ చెప్పాడు. వాళ్లు కోప్పడలేదు. కుర్చీల్లో కూర్చుని, గోడలకున్న పెళ్లి ఫోటోలు ఒక్కొక్కటే చూస్తూ గంటసేపు ఉన్నారు. ఇచ్చిన టీ తాగారు. వెళ్లేటప్పుడు ఒకాయన నన్ను, “మీరు ఏ సంతలకి పోతారు?” అని అడిగాడు. చెప్పాను. తలూపి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. వస్తారని మాత్రం రెండేళ్లు ఎదురుచూశాం.

ఉంచాలా, తీసెయ్యాలా

చలికాలం చివర్లో ఒక సంతరోజు తలెత్తి చూస్తే ముత్తయ్య ఎదురుగా ఉన్నాడు. చిక్కిపోయాడు. వినపడే చెవి నా వైపు తిప్పి నిలబడ్డాడు.

“నాగమ్మ చెప్పింది” అన్నాడు.

చేతులు జోడించాను. వాటిని చూసి చూడనట్టు, “నా ముఖం ఇంకా ఉన్నదా నీ కాడ?” అని అడిగాడు.

“లేదు. ఎవరిదీ లేదు. అన్నీ తీసేశాం.”

“అన్నీ?”

“అన్నీ.”

“మా అమ్మ పోయింది, నన్ను పట్టుకపోయిన పది దినాలకు. రేషన్ కార్డు కోసమని నువ్వే తీసినవు ఆమె ఫోటో. కార్డు ఆఫీసుల జమైంది. ఇంకోటి అడుగుదామని వచ్చిన.”

లేదని అప్పుడే చెప్పేశాను కదా. మళ్లీ చెప్పలేకపోయాను. అతను కూడా మళ్లీ అడగలేదు.

అతనొక్కడే కాదు. తర్వాత చాలామంది అలాగే వచ్చారు. తండ్రిదని, అక్కదని, జ్వరంలో పోయిన బిడ్డదని. ఆ ఊళ్లలో చాలామందికి జన్మలో తీసిన ఫోటో అదొక్కటే. దాచి ఉంచడం తప్పని తెలుసుకున్నాను, చెరిపేయడం కూడా తప్పేనని అప్పుడు తెలిసింది. రెండింట్లో ఏది చిన్న తప్పో నాకిప్పటికీ తెలియదు. తెలుసని ఎవరైనా మీకు చెప్తే నమ్మకండి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒకే పద్ధతిలో పనిచేశాను. ఫోటో తీయగానే రెండు ప్రింట్లు వాళ్ల చేతిలో పెట్టి, కెమెరా తెర చూపించి, “ఉంచాలా, తీసెయ్యాలా?” అని వాళ్ల భాషలో అడిగేదాన్ని. తీసెయ్యమంటే వాళ్ల వేలితోనే నొక్కించేదాన్ని. చిన్న సేఠ్ ఒప్పుకున్నాడు. మిగతా బ్రాంచీలకీ అదే చెప్పాడు. ఎక్కువమంది తీసెయ్యమనేవాళ్లు.

ముత్తయ్య మళ్లీ ఎప్పుడూ నా ముందు కూర్చోలేదు. నాగమ్మ మాత్రం ఏడాదికోసారి వచ్చేది. వెంట్రుకలు తడిచేసుకుని, దువ్వుకుని, స్టూలు మీద నిటారుగా కూర్చునేది. అడిగితే ప్రతిసారీ ఒకటే మాట, “ఉంచు.” ఆమె ముఖం కార్డులో పెట్టుకుని నేను ఆ రోడ్డు మీద తిరిగొచ్చేదాన్ని. ముందు ఎక్కడైనా మనుషులు నిలబడి కనిపిస్తే వేలు దానంతటదే చెరిపే బటన్ మీదికి పోయేది. దాని మీద వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక్కసారి కూడా నొక్కలేదు.